మూడు రోజులకి లిస్బన్ ఎందుకు, సూరత్ రా

లింబాయత్, సూరత్
7 డిసెంబర్ 2025

చిరంజీవి అల్లుడికి,

  

జనవరి 26 సోమవారం వచ్చింది, శని ఆదివారాలు కలిసొస్తే మూడు రోజులు, శుక్రవారం సెలవు పెడితే నాలుగు, ఈలోపు స్నేహితులతో కలిసి లిస్బన్ చూసి రావచ్చా అని అడిగావు. రావచ్చు, విమానాశ్రయాలు చూడ్డమే నీకు సరదా అయితే. హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. దుబాయిలోనో దోహాలోనో దిగి మారాలి. పోను ఒక రోజు, రాను ఒక రోజు లెక్క వేసుకో. ఇక షెంజెన్ వీసాకి మనిషికి 90 యూరోలు కట్టాలి, 30,000 యూరోలకి తగ్గకుండా ప్రయాణ బీమా చూపించాలి, కాగితాలు ఇచ్చాక జవాబుకి మామూలుగా పదిహేను రోజులు పడుతుంది. కాగితాలు ఇవ్వడానికి తారీఖు దొరకడం అంతకు ముందు పని. ఇంతా చేస్తే లిస్బన్‌లో నీకు మిగిలేవి రెండు పగళ్ళు. ఒకటి నిద్రకే పోతుంది.

లిస్బన్ చూడొద్దనటం లేదు. దసరాకి పది రోజులు పెట్టుకుని తీరిగ్గా వెళ్ళు. బెలెంలో జెరోనిమోస్ మఠం చూసినప్పుడు ఆ రాళ్ళు తూర్పు దేశాల సరుకు మీద వేసిన పన్నుతో లేచాయని గుర్తుంచుకో. ఆ సరుకు బయల్దేరిన ఒడ్డు ముందు చూసి వెళ్తే అది ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకే చెప్తున్నా, ఈ జనవరికి సూరత్ రా.

నవ్వకు. సూరత్ అంటే నీకు చీరల బేళ్ళు, మన కరీంనగర్ వైపు నుంచి సాంచెలు (మరమగ్గాలు) నడపడానికి వచ్చిన జనం, మీ మామ పన్నెండు గంటల షిఫ్టు, ఇంతే తెలుసు. తప్పు నీది కాదు, మేమూ ఇన్నేళ్ళు నీకు అదే చెప్పాం. కానీ యూరప్ నుంచి వచ్చిన ప్రతివాడూ ముందు అడుగుపెట్టాలనుకున్న ఊరు ఇది. పోర్చుగీసులు 1530లో వచ్చి తగలబెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1608లో హెక్టర్ అనే ఓడలో వచ్చి తపతి నది మొగలో లంగరు వేశారు. వెనకే డచ్చివాళ్ళు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు. పడమటి తీరంలో ఇంగ్లీషు కంపెనీ పెద్ద దొర 1687 దాకా కూర్చున్నది ఇక్కడే, బొంబాయిలో కాదు. మన దేశంలో వాళ్ళకి రాజధాని లాంటిది అప్పట్లో ఏదైనా ఉంటే అది ఈ ఊరే.

ఇక్కడ నీకు ఒక మనిషిని పరిచయం చేయాలి. పేరు థామస్ కోరియట్. ఇంగ్లండులో ఆడ్‌కూంబ్ అనే పల్లెటూరివాడు. 1608లో, సరిగ్గా ఆ హెక్టర్ ఓడ ఇక్కడికి చేరిన ఏడాదే, ఇంటి నుంచి బయల్దేరి వెనిస్ దాకా వెళ్ళి, తిరుగుదారిలో చాలా మటుకు నడిచి వచ్చాడు. నడిచిన ఆ బూట్లని తమ ఊరి చర్చిలో వేలాడదీశాడు. చూసిన ఊళ్ళ గురించి 1611లో లావుపాటి పుస్తకం అచ్చు వేశాడు. ఇటలీవాళ్ళు ఫోర్కుతో తింటారని ఇంగ్లీషువాళ్ళకి వింతగా చెప్పినవాడు ఇతనే. సరదా కోసం యూరప్ తిరిగి, ఊరూరి సంగతులు రాసి, మీరూ వెళ్ళండని జనాన్ని ఊరించిన మొదటివాళ్ళలో ఒకడన్నమాట. నువ్వు ఫోన్లో చూసే లిస్బన్ వీడియోలకి ముత్తాత.

అది చాలలేదు అతనికి. 1612లో మళ్ళీ బయల్దేరి ఇస్తాంబుల్, జెరూసలేం చూసి, అలెప్పో నుంచి పర్షియా, లాహోర్, ఆగ్రా మీదుగా నడుచుకుంటూ 1615లో అజ్మీర్ చేరాడు. అలెప్పో నుంచి మొగల్ దర్బారు దాకా పది నెలలకి తనకి మూడు పౌన్లే ఖర్చయిందని, అందులోనూ పది షిల్లింగులు దారిలో మోసపోయానని ఇంటికి ఉత్తరం రాశాడు. జహంగీర్ కిటికీ కింద నిలబడి పారశీకంలో ఉపన్యాసం ఇస్తే బాద్షా వంద రూపాయలు కిందికి వేయించాడు. ఇంగ్లీషు రాయబారి థామస్ రో, తమ దేశం పరువు తీశాడని విసుక్కున్నాడట. ఆఖరికి 1617లో విరేచనాలతో సూరత్ వచ్చిపడ్డాడు. ఇక్కడి ఇంగ్లీషు కొఠీ (వ్యాపార స్థావరం) వాళ్ళు మర్యాద చేయబోయి మద్యం పోశారు. ఆ డిసెంబరులోనే పోయాడు. సువాలీ ఒడ్డుకి పోయే దారిలో రాజ్‌గరీ దగ్గర అతనిదని చెప్పే గోరీ ఉంది, పురావస్తు శాఖవాళ్ళ రక్షణలో. మొగల్ పద్ధతిలో కట్టిన చిన్న గుమ్మటం. యూరప్ చూడండని ఊదరగొట్టినవాడు ఇక్కడ పడుకుని ఉన్నాడు. అతన్ని చూడకుండా నువ్వు లిస్బన్ వెళ్ళడం నాకు నచ్చలేదు.

సరే, ప్రయాణం సంగతి. రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు, అంటే మన తారీఖులకి ఇప్పటికే తెరిచేశారు. సికిందరాబాద్ నుంచి షోలాపూర్, పుణె మీదుగా రాజ్‌కోట్ పోయే రైలు ఉంది గాని రోజూ ఉండదు. నా సలహా వేరే. గురువారం ఊరెళ్ళి మీ అమ్మ చేతి అన్నం తిని, రాత్రి వరంగల్‌లో నవజీవన్ ఎక్కు. చెన్నై నుంచి అహ్మదాబాద్ పోయే ఆ బండి రోజూ ఉంటుంది. బల్లార్షా, భుసావల్, నందుర్బార్ మీదుగా శుక్రవారం ఇక్కడ దింపుతుంది. టికెట్ మీద సూరత్ ఉందా, ఉధనా ఉందా చూసుకో. స్టేషన్ కొత్తగా కడుతున్నారు కాబట్టి కొన్ని బండ్లు ఉధనాలోనే ఆపుతున్నారు. మాకైతే ఉధనానే దగ్గర. తిరుగు ప్రయాణానికి విమానం ఎక్కు, మంగళవారం ఆఫీసు పోదు.

రైలే ఎందుకంటే, అటూ ఇటూగా అది పాత దారి. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి సూరత్‌లో దిగి గోల్కొండకి ఏ దారిన పోవాలో మజిలీ మజిలీకి రాసి పెట్టాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేస్తున్నారని చెప్పిందీ అతనే. మన నేలలో తీసిన రాళ్ళు ఎడ్లబండ్ల మీద, గుర్రాల మీద ఈ రేవుకి వచ్చి ఓడ ఎక్కేవి. ఇప్పుడు ఎక్కడెక్కడో తవ్విన రాళ్ళు సానపట్టడానికి ఇదే ఊరికి వస్తున్నాయి. గనులు అడుగంటినా ఈ ఊరికి వజ్రాల పని ఉంది.

నీ స్నేహితుల బస గురించి మొహమాటం లేకుండా చెప్తున్నా. మా ఇంట్లో రెండు గదులు. నువ్వు మా దగ్గరే ఉంటావు, దానికి చర్చ లేదు. వాళ్ళిద్దరూ స్టేషన్ దగ్గర హోటల్ తీసుకుంటే హాయిగా ఉంటారు, భోజనానికి మాత్రం ఇంటికి రావాలి. ఇంకో మాట, ఇది గుజరాత్. పర్మిట్ లేకుండా మందు దొరకదు, దొరికినా తీసుకోకూడదు. ముందే వాళ్ళకి చెప్పు.

శనివారం పొద్దున రింగ్ రోడ్డు బట్టల మార్కెట్టుకి పోదాం. ఆదివారం మూసేస్తారు కాబట్టి శనివారమే చూడాలి. కొనడానికి కాదు. తలమీద బేళ్ళు మోసే కూలీలు, చిన్న కొట్లలో తెల్ల పరుపుల మీద కూర్చుని ఫోన్లో దేశమంతా సరుకు పంపే సేఠ్లు, వాళ్ళ మధ్య తెలుగు, ఒడియా, మరాఠీ మాటలు. ఒక గంట నిలబడి విను చాలు. 17వ శతాబ్దంలో ఇక్కడ వీర్‌జీ వోరా అనే జైన వ్యాపారి ఉండేవాడు. ఇంగ్లీషు కంపెనీ దొరలు చేతిలో డబ్బు ఆడనప్పుడల్లా అతని గుమ్మం దగ్గర అప్పుకి నిలబడేవాళ్ళు. మన పాఠ్యపుస్తకాల్లో దొరలు వచ్చారు, కొఠీ పెట్టారు అని ఉంటుంది గాని, ఎవరి దగ్గర అప్పు చేసి పెట్టారో ఉండదు. ఇరవై ఏళ్ళపైన మున్సిపాలిటీ తెలుగు బడిలో ఆ పుస్తకాలే చెప్పాను కాబట్టి నాకు ఆ కోపం ఉంది.

అక్కడి నుంచి మహీధర్‌పురా హీరా బజార్. వీధిలో స్కూటర్ల మీద కూర్చుని కాగితం పొట్లాలు విప్పి వజ్రాలు చూస్తుంటారు. పొట్లం దగ్గరకి పోయి ఫోటో తీయకు, వాళ్ళకి నచ్చదు. ఈ ఏడాది అమెరికా సుంకాల దెబ్బకి చాలామంది చేతుల్లో పని తగ్గింది, మొహాలు చూస్తే తెలుస్తుంది. ఖజోద్‌లో 2023లో తెరిచిన డైమండ్ బోర్స్ భవనం కూడా ఉంది, 67 లక్షల చదరపు అడుగులట. బయట నుంచి ఒకసారి చూసి వచ్చేయ్, వీధిలో కనిపించే వ్యాపారం ఆ గాజు గోడల్లో కనపడదు.

సాయంత్రం చౌక్ బజార్. మెట్రో కోసం తవ్విపెట్టారు, దుమ్ము ఉంటుంది, రుమాలు తెచ్చుకో. తపతి ఒడ్డున కోట ఉంది. పోర్చుగీసులు పదే పదే వచ్చి తగలబెడుతుంటే 16వ శతాబ్దం నడుమ గుజరాత్ సుల్తాన్ కాలంలో ఖుదావంద్ ఖాన్ కట్టించాడు. కార్పొరేషన్‌వాళ్ళు బాగుచేసి మ్యూజియం పెట్టారు. బాగానే ఉంది, ఓ గంట చాలు. మ్యూజియాలకి సోమవారం సెలవు మామూలే కాబట్టి ఇది శనివారమే ముగించుకో. దగ్గరలోనే ముగల్ సరాయ్ ఉంది. షాజహాన్ కాలంలో, 1644లో, మక్కాకి పోయే యాత్రికులు దిగడానికి కట్టిన సత్రం. ఇవాళ అందులో మున్సిపల్ కార్పొరేషన్ కార్యాలయం. హజ్ ఓడలు ఈ రేవు నుంచే పోయేవి. జహంగీర్ తల్లి ఓడ రహీమీని 1613లో పోర్చుగీసులు పట్టుకున్నారు. బాద్షాకి వాళ్ళ మీద ఒళ్ళు మండింది, ఇంగ్లీషువాళ్ళ అదృష్టం పండింది.

ముగల్ సరాయ్ ముందు నిలబడినప్పుడు ఇంకో సంగతి గుర్తు చేసుకో. 1994 సెప్టెంబర్‌లో ఇక్కడ ప్లేగు వచ్చింది. మన వాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని దొరికిన రైలెక్కి ఊళ్ళకి పారిపోయారు. ఆ మరుసటేడు కమిషనర్‌గా వచ్చి ఈ ఊరిని కడిగి నిలబెట్టినవాడు ఎస్.ఆర్. రావు. ఇంటిపేరు సూర్యదేవర. రోజూ అధికారులని ఆఫీసుల్లోంచి లేపి వీధుల్లోకి పంపించాడు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. లిస్బన్ 1755 భూకంపం తర్వాత మళ్ళీ కట్టుకుందని నీ వీడియోలో గొప్పగా చెప్పారు కదా, ఈ ఊరు ప్లేగు నుంచి లేచింది, 2006 వరద నుంచి కూడా లేచింది. దాని మీద ఎవరూ వీడియో తీయలేదు.

ఆదివారం మాత్రం పొద్దున్నే లేవాలి. కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషువాళ్ళ గోరీల దొడ్డి ఉంది, అక్కడికి కాస్త దూరంలోనే డచ్చి, ఆర్మేనియన్ గోరీలు. నువ్వు చూడాలనుకున్న యూరప్ ఈ ఊళ్ళో మిగిలింది ఇక్కడే. కొఠీలు నిలబడి లేవు, వాటి చోటు అడిగినా చెప్పేవాళ్ళు తక్కువ. గోరీలు మాత్రం కోటల్లా ఉంటాయి. గుమ్మటాలు, కమానులు, స్తంభాలు, పైకి మెట్లు. దూరం నుంచి చూస్తే ఎవరో నవాబుల సమాధులు అనుకుంటావు. దగ్గరకి పోతే లాటిన్ అక్షరాలు. పెద్దది ఇంగ్లీషు కంపెనీ దొరలు ఆక్సెన్‌డెన్ అన్నదమ్ములది. క్రిస్టఫర్ 1659లో పోయాడు, జార్జి 1669లో. 1664 జనవరిలో శివాజీ ఈ ఊరిని దోచినప్పుడు వీర్‌జీ వోరా ఇల్లు కూడా పోయింది. జార్జి మాత్రం తన కొఠీని కాపాడుకున్నాడు. ఊరిని కాపాడాల్సిన మొగల్ అధికారి కోటలో దాక్కున్నాడు. కోట చూసినప్పుడు నీకు ఇది గుర్తు రావాలి.

డచ్చివాళ్ళ వైపు అన్నిటికన్నా పెద్ద గోరీ వాళ్ళ కంపెనీ అధికారి వాన్ రీడేది. ఇంగ్లీషువాళ్ళ దానికన్నా పెద్దది కట్టాలన్న పోటీతోనే కట్టారంటారు, చూస్తే నమ్మాలనిపిస్తుంది. ఈ వాన్ రీడే కొచ్చిలో ఉండగా ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి సాయంతో, ఇంకా ఎందరో పండితుల సాయంతో మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల పుస్తకం తయారు చేయించాడు. హోర్టస్ మలబారికస్. 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. 1691 డిసెంబరులో సూరత్ వస్తూ సముద్రం మీదే పోయాడు, చివరి సంపుటం చూడకుండానే. నేను బడి పిల్లల్ని ఇక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఒక పిల్లవాడు, సాంచెల మీద పనిచేసే వాళ్ళ కొడుకు, వీళ్ళంతా ఇంత దూరం చచ్చిపోవడానికి వచ్చారా టీచర్ అన్నాడు. బట్ట కొనడానికి వచ్చారు అని చెప్పాను. ఆ బట్ట నేసినవాళ్ళ గోరీ ఎక్కడుంది అని అడిగాడు. జవాబు నీకు తెలుసు.

తాళం వేసి ఉంటే కాపలాదారుని మర్యాదగా అడుగు. గోరీల మీద ఎక్కి ఫోటోలు దిగకండి. ఎండ ముదరక ముందే, పొద్దున ఎనిమిదికల్లా ఉంటే రాతి మీద అక్షరాలు బాగా కనపడతాయి.

దాని తర్వాత తిండి. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అంటారు ఇక్కడ. ఆదివారం పొద్దున లోచో తినాలి. ఆవిరి మీద ఉడికిన మెత్తటి శనగపిండి ముద్ద, మీద నూనె, సేవ్, ఉల్లిపాయ. మధ్యాహ్నానికి ఇంట్లో ఊంధియు నేను చేస్తాను, చలికాలం కూరగాయలన్నీ వేసి. నువ్వు రావాల్సిన నెల కూడా జనవరే, పోంక్ దొరుకుతుంది. అంటే మన ఊచబియ్యమే, లేత జొన్నకంకులు కాల్చి రాల్చినవి. మన దగ్గర చేను గట్టున కూర్చుని తినేవాళ్ళం, ఇక్కడ దానికి దుకాణాలు పెట్టి నిమ్మ మిరియాల సేవ్ కలిపి అమ్ముతారు. దోటీవాలా బేకరీలో నాన్‌ఖటాయి కూడా తీసుకో. డచ్చివాళ్ళు పోతూ పోతూ తమ పొయ్యి పారసీ పనివాడికి అప్పగించారని, అక్కడి నుంచే ఆ కుటుంబం వ్యాపారం మొదలైందని కథ. కథ ఎంతవరకు నిజమో గాని నాన్‌ఖటాయి మాత్రం బాగుంటుంది.

సాయంత్రం నది దాటి రాందేర్. సూరత్ కన్నా పాత రేవు అది. ఇక్కడి ముస్లిం వర్తకులు మన కోరంగి వాళ్ళలాగే రంగం (రంగూన్) వెళ్ళి వ్యాపారాలు చేశారు, తిరిగొస్తూ బర్మా వంట ఖావ్‌సా వెంట తెచ్చుకున్నారు. సన్నని సందుల్లో చెక్కపనితనం ఉన్న పాత ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. అక్కడ ఆలూపూరీ తిని ఊరికే నడు. చూడాల్సిన జాబితా ఏమీ ఇవ్వను. మీ తరం ప్రయాణాల్లో నాకు నచ్చని సంగతి ఆ జాబితాలే. మూడు రోజుల్లో ముప్పై చోట్లు చూసినవాణ్ణి అడిగితే ఒక్కదాని గురించి కూడా చెప్పలేడు.

సోమవారం పొద్దున ఏడున్నరకి నాతో రావాలి. ఇక్కడి కార్పొరేషన్ ఏడు భాషల్లో బడులు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. జెండా వందనం చూద్దువు. పిల్లలు ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతారు. పదో తరగతి తర్వాత ఏం చదవాలో చెప్పేవాళ్ళు తక్కువ. నువ్వూ నీ స్నేహితులూ సాఫ్ట్‌వేర్ చదివినవాళ్ళు, ఓ అరగంట వాళ్ళతో మాట్లాడండి. ఉపన్యాసం వద్దు, వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్తే చాలు.

అది అయ్యాక కారు మాట్లాడుకుని సువాలీ పోండి. బస్సు నమ్ముకోకండి. దారిలో రాజ్‌గరీలో ఆగి కోరియట్‌ని చూసి, ఒడ్డుకి చేరండి. 1612లో ఇంగ్లీషు కెప్టెన్ థామస్ బెస్ట్ నాలుగు పోర్చుగీసు పెద్ద ఓడలని ఎదుర్కొన్న నీళ్ళు అవే. ఆ తర్వాతే ఇంగ్లీషువాళ్ళకి ఇక్కడ కొఠీకి అనుమతి గట్టిపడింది. 1615లో థామస్ రో దిగింది కూడా అక్కడే. గుర్తుగా చూపించడానికి పెద్దగా ఏమీ లేదు, బురద రంగు సముద్రం, దూరంగా హజీరా ఫ్యాక్టరీల పొగగొట్టాలు. మీ స్నేహితులు పెదవి విరుస్తారు, విరవనీ. గోవా లాంటి బీచ్ కావాలంటే ఇక్కడికి రావద్దని ముందే చెప్పు.

టికెట్లు ఈ వారంలోనే తీసి, బండి నంబర్, బోగీ నంబర్ మీ మామ ఫోన్‌కి పంపు. జనవరిలో పొద్దున చలి ఉంటుంది, పల్చటి స్వెటర్ చాలు. సంక్రాంతికి మీ అమ్మ సకినాలు ఎలాగూ చేస్తుంది, ఒక డబ్బా నిండా పట్టుకురా, ఇక్కడ నువ్వులు మంచివి దొరికినా నా చేతికి ఆ చుట్టు తిరగదు.

ఇట్లు,
మీ మేనత్త